పదిహేను సీసాల ట్రే

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అలవాటు ప్రకారం పత్రికను మొదటి పుట నుంచి చివరి పుట దాకా వరుసగా చదువుతూ ఉంటే ఏడో పుటలో ఒక వార్త కనిపించింది. హైదరాబాదు అవతల మందుల కంపెనీలు, టీకాల కంపెనీలు, జీవ సాంకేతిక పరిశోధనశాలలు ఒకచోట చేరి ఉన్న సైన్స్ పార్కును ఇంకా పెద్దది చేస్తున్నారట. వార్త రాసిన అబ్బాయి చివర్లో, ఇలాంటి పార్కు రాజధాని పొలిమేర దాటి జిల్లాల్లోకి ఏనాడూ రాలేదని ఒక వాక్యం చేర్చాడు. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను. అది తప్పు. మా గోదావరిఖని నుంచి సెంటినరీ కాలనీకి పోయే తోవలో, ఎడమ చేతి వైపు, 2009 ఫిబ్రవరిలో ఒకటి వచ్చింది, 2014 మార్చిలో పోయింది. చిన్నదే, దాని గురించి ఎవరూ రాయలేదు కూడా, కానీ అయిదేళ్ళు ఉన్నదాన్ని లేదనడం న్యాయం కాదు. అందులో నాలుగేళ్ళ తొమ్మిది నెలలు నేను పనిచేశాను.

నా వయసు వాళ్ళకు, బొగ్గు బాయిల దగ్గర బతికిన వాళ్ళకు, ల్యాంపు రూం అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. తెలియని పిల్లల కోసం ఒక్క ముక్క చెబుతాను. బాయి దిగే ప్రతి మనిషీ కిటికీ దగ్గర తన నంబరు బిళ్ళ ఇచ్చి టోపీకి తగిలించుకునే దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు, షిఫ్టు దిగాక మా దగ్గర ఒక బిళ్ళ మిగిలిందంటే ఒక మనిషి ఇంకా భూమి లోపల ఉన్నాడని అర్థం. మా ఆయన జబ్బుచేసి పోయాక 1980లో ఆ కిటికీ వెనక నాకు ఉద్యోగం ఇచ్చారు, 2002లో స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను, మధ్యలోని ఇరవై రెండేళ్ళలో నా లెక్క తప్పిన షిఫ్టు లేదు. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. తర్వాత జరిగినదానికి మూలం ఈ అతిశయంలోనే ఉంది కనుక ముందే ఒప్పుకుంటున్నాను.

మూతపడిన ఒక బాయి మీద ఖాళీగా మిగిలిపోయిన షెడ్లు, ఆఫీసు గదులు, వాటి చుట్టూ తుమ్మ చెట్లు పెరిగిన తొమ్మిదెకరాల జాగా చూపించి, ఇక్కడ జీవశాస్త్ర కంపెనీలు వస్తాయి, మన చదువుకున్న పిల్లలకు ఇక్కడే ఉద్యోగాలు దొరుకుతాయి అన్నారు. మూడు కంపెనీలన్నారు, రెండు వచ్చాయి. ఒకటి పొలాలకు పనికొచ్చే సూక్ష్మజీవులను పెంచి జీవ ఎరువుగా పొట్లాలు కట్టేది, రెండోది హైదరాబాదులోని పెద్ద పార్కు నుంచి వచ్చిన ఒక కంపెనీ శాఖ, వెదురు, టేకు, అరటి మొక్కలను విత్తనం లేకుండా సీసాల్లో పెంచేది. మూడో కంపెనీ కోసం గీసిన జాగాలో చివరి దాకా మేకలే మేశాయి. అయినా గేటు మీద పెద్ద నీలం బోర్డు పెట్టి సైన్స్ పార్కు అని రాశారు, ఆ రాత వల్ల మొదటి ఆదివారమే ఒక తమాషా జరిగింది.

మా వాళ్ళకు పార్కు అంటే ఊయలలు, జారుడు బల్ల, కూర్చోవడానికి సిమెంటు బెంచీలు. పదకొండు కుటుంబాలు పులిహోర డబ్బాలు, చాపలు పట్టుకుని పిల్లలతో గేటు ముందు దిగాయి. కాపలా ఉండే ఆయన బాయి పని చేసి రిటైరైనవాడు, మేమంతా కాకా అని పిలిచేవాళ్ళం. ఆయన లోపలికి రానివ్వకపోతే ఒకాయన గట్టిగానే తగులుకున్నాడు.

"పార్కని గంత పెద్దగ రాసుకొని లోపటికి రావద్దంటవేందే?"

"ఇది గసోంటి పార్కు కాదు బావా. లోపట ఊయలల్లేవు, గడ్డి లేదు."

"మరేమున్నయి?"

"సీసాలు."

"ఆదివారం పూట పొల్లగాండ్లకు సీసాలు చూపెడ్తరా? మంచిగున్నది నీ పార్కు!"

వాళ్ళు గేటు బయట తుమ్మ చెట్ల కిందనే చాపలు పరుచుకుని పులిహోర తిని వెళ్ళారు, కాకకు కూడా ఒక ముద్ద పెట్టారు. మా ఊళ్ళో దాన్ని చాలా రోజులు సీసాల పార్కు అనే పిలిచారు.

నేను అక్కడికి 2009 జూన్‌లో చేరాను. రిజిస్టరు రాయడానికి నిదానమైన మనిషి కావాలన్నారు, నాకు యాభై ఏడేళ్ళు, ఇంట్లో కూర్చుని గోడలు చూడటం తప్ప పనిలేదు. నేను చూసుకునేది సీసాల లెక్క. లోపల అయిదుగురు అమ్మాయిలు, అయిదు గాజు పెట్టెలు. వడగట్టిన గాలి మెల్లగా ఎదురు వీచే ఆ పెట్టెల ముందు కూర్చుని, ముఖానికి గుడ్డ, తలకు టోపీ, చేతులు స్పిరిట్‌తో కడుక్కుని, ఒక మొక్క తునకను బ్లేడుతో ముక్కలు చేసి, చిమటాతో, అంటే సన్నటి పట్టకారుతో, ఒక్కో ముక్కను జెల్లీలాంటి ఆహారం పోసిన సీసాలో నాటి మూత పెట్టాలి. పదిహేను సీసాలు ఒక ట్రే. నాటిన వారానికి సీసాలో పచ్చటి పిలక వస్తే బతికినట్టు, తెల్లగానో నల్లగానో బూజు కనిపిస్తే పారబోయాలి. ఎవరు ఏ తేదీన ఎన్ని సీసాలు నాటారు, అందులో ఎన్ని బూజు పట్టాయి, ఇదే నా రిజిస్టరు. నూటికి రెండో మూడో పోవడం మామూలే, ఎంత శుభ్రంగా ఉన్నా ఆ మాత్రం పోతాయి.

2010లో మా చెల్లెలి కూతురు అక్కడ చేరింది. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివింది, పెద్దపల్లి కాలేజీకి నాలుగు గంటలకే లేచి బస్సులో పోయి వచ్చిన పిల్ల. నా సిఫారసు ఏమీ లేదు, పరీక్ష పెట్టి తీసుకున్నారు. చేరిన మూడు నెలలకే మిగతా నలుగురూ రోజుకు ఆరేడు ట్రేలు నాటుతుంటే అది ఎనిమిది నాటేది. ఆ పని దానికి ఇష్టం. సీసాలను వెలుతురుకు ఎత్తి చూసి, పెద్దమ్మా ఇది రేపు పిలక వేస్తది అనేది, వేసేది. ఇక్కడ రెండేళ్ళు మంచిపేరు తెచ్చుకుంటే హైదరాబాదు పార్కులోని ఏ కంపెనీ అయినా పిలిచి ఉద్యోగం ఇస్తుంది, చెడ్డపేరు వస్తే ఏ ఒక్కటీ ఇవ్వదు, అక్కడివాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

నాకు చక్కెర జబ్బు, ఒంటిగంట కొట్టగానే అన్నం తినాలి. పిల్ల కూడా నాకు తోడుగా ఒంటిగంటకే బయటికి వచ్చి తినేది, ఒకరి డబ్బాలోది ఒకరం వేసుకునేవాళ్ళం. అది తిని లోపలికి పోయాక ఒంటిగంటన్నరకు మిగతా నలుగురూ కలిసి వరండాలోకి వచ్చేవాళ్ళు, రెండున్నర దాకా వాళ్ళ నవ్వులూ వాళ్ళ పచ్చళ్ళూ.

2011 మే నెలలో మా పిల్ల సీసాలు పోవడం మొదలైంది. నూట ఇరవైకి పద్నాలుగు, మర్నాడు పదమూడు, ఆ మర్నాడు పదిహేను. ఒకరోజు మూడే పోయేవి, సరే కుదుటపడింది అనుకుంటే మళ్ళీ పద్నాలుగు. మిగతావాళ్ళవి ఎప్పటిలాగే రెండు, మూడు. నేను చూసింది చూసినట్టు రాశాను. చెల్లెలి కూతురని ఒక్క సీసా తగ్గించలేదు, ఆ తలంపు కూడా రాలేదు, రానందుకు లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా. పిల్ల మాత్రం గోళ్ళు ఇంకా పొట్టిగా తీసుకుంది, జుట్టుకు నూనె మానేసింది, చిమటాను ఇతరులు ఒకసారి కాలిస్తే అది రెండుసార్లు కాల్చేది, స్పిరిట్‌తో కడిగి కడిగి దాని వేళ్ళ సందుల్లో చర్మం పగిలింది. సంఖ్య మారలేదు.

మన ఆడవాళ్ళకు బూజు అంటే పచ్చడే గుర్తొస్తుంది. ఎవరి చెయ్యి పడితే జాడీ నిలవ ఉంటుంది, ఎవరి చెయ్యి పడితే ముక్క మెత్తబడి పైన తెల్లటి పొర కడుతుంది అనే లెక్క ప్రతి వాడలోనూ ఉంటుంది. వరండాలో ఒక అమ్మాయి నవ్వుతూనే అంది, "అక్కది వేడి చెయ్యే. గా చెయ్యి మామిడికాయ తొక్కుల పెడితే తెల్లారేసరికి జాడికి గడ్డం మొలుస్తది!" అందరూ నవ్వారు, మా పిల్ల కూడా నవ్వింది. మాట అక్కడితో ఆగితే బాగుండేది, వాడలోకి వచ్చింది. ఆ ఎండాకాలం మా చెల్లెలు తొక్కు కలిపేటప్పుడు పిల్ల అలవాటుగా కారం గిన్నె అందుకోబోతే, నువ్వు జరుగు బిడ్డా, నేను కలుపుకుంటలే అంది. సొంత తల్లి. కోపంతో కాదు, ఏడాది తొక్కు పాడవుతుందేమో అని. నేను అక్కడే కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాను. పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది, ఆ చేతికి ఏమీ అంటలేదు.

ఆ రోజు సాయంత్రం నన్ను ఇంటిదాకా దిగబెట్టడానికి వస్తూ తోవలో అడిగింది. "పెద్దమ్మా, నా చెయ్యి మీద నాకు నమ్మకమున్నది. నువ్వు రాసుట్ల ఏమన్న తప్పు పోతున్నదా?"

నేను ఆగిపోయాను. ఇరవై రెండేళ్ళలో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. "నా రాత తప్పుపోదు బిడ్డా. లెక్క అబద్ధమాడదు," అన్నాను. అది ఇంటి గుమ్మం దాకా వచ్చి, తాళం నేను తీసేదాకా నిలబడి, వెళ్ళిపోయింది.

హైదరాబాదు నుంచి మా పనిని చూసుకోవడానికి ఒక డాక్టరమ్మ వచ్చేది. మందుల డాక్టరు కాదు, మొక్కల మీద పరిశోధన చేసిన డాక్టరు, సొంతూరు కృష్ణా జిల్లా వైపు, మనిషి మంచిది, తొందర మనిషి. పదిహేను రోజులకొకసారి పొద్దుటి బండికి రామగుండంలో దిగి, అన్నీ తనిఖీ చేసుకుని, ఒంటిగంటకల్లా తిరుగు బండికి వెళ్ళిపోయేది. సెప్టెంబరు మొదట్లో నా రిజిస్టరు చూసి పిల్లను పిలిచి గట్టిగానే హెచ్చరించింది. అన్యాయంగా ఏమీ మాట్లాడలేదు. మమ్మల్నందరినీ నిలబెట్టి, గదిలో ఏమైనా మార్పు జరిగిందా, ఎవరైనా కిటికీ తీస్తున్నారా, చుట్టుపక్కల దుమ్ము లేచే పని ఏదైనా జరుగుతోందా అని ఒక్కొక్కటిగా అడిగింది. ఏం లేదు మేడం అన్నారు అమ్మాయిలు. ఏం లేదు అన్నాడు కాక. ఏం లేదండీ అన్నాను నేను. మా పిల్ల కూడా తల వంచుకుని ఏం లేదు మేడం అనే అంది.

ఆ నెల సగంలోనే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. నా తరం వాళ్ళకు ఆ రోజులు వేరే గుర్తుచేయాలా? బాయిలన్నీ బందు, బస్సులు బందు, బడులు బందు, బొగ్గు లేక కరెంటు కోతలు, రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే బతుకమ్మలు. మాది ప్రైవేటు పని, సీసాల్లోని మొక్కకు సమ్మె సంగతి తెలియదు, ఎదుగుతూనే ఉంటుంది కనుక అందరం నడిచి వెళ్ళి పని చేసి, సాయంత్రం తిరుగుదోవలో దీక్షా శిబిరంలో కాసేపు కూర్చుని వచ్చేవాళ్ళం. మా పిల్ల రోజూ ఆ శిబిరంలో ముందు వరుసలో ఉండేది, రాష్ట్రం వస్తే పార్కులన్నీ హైదరాబాదులోనే ఎందుకుంటాయి, ఇక్కడికి కూడా వస్తాయి అని వాదించేది. కోతలున్నాయి కనుక జనరేటరు ఆగినప్పుడల్లా సీసాలు ఎక్కువ పోతాయని డాక్టరమ్మ ఫోనులో దిగులుపడింది. జరిగింది వేరు. ఆ అయిదు వారాల్లో మా పిల్లవి నూట ఇరవైకి రెండు, మూడు, ఒకరోజు ఒక్కటే. ఫోనులో ఆ అంకెలు చదివి వినిపిస్తే, చూశారా, ఒక మాట అంటే దారిలోకి వచ్చింది అంది డాక్టరమ్మ. నేను అవునన్నాను. ఒక్క మాటకే దిద్దుకోగలిగినది ఇన్నాళ్ళు ఎందుకు దిద్దుకోలేదని మనసులో పిల్ల మీద కొంచెం కోపం కూడా వచ్చింది.

అక్టోబరు సగం దాటాక సమ్మె ముగిసింది, బాయిలు తెరిచారు. ఆ వారం నాటిన సీసాలు మరుసటి వారం లెక్క పెట్టాను. పద్నాలుగు. పదమూడు. పద్నాలుగు. పదిహేను.

ఈసారి ఇంక హెచ్చరిక లేదు. నవంబరు చివరి వారంలో డాక్టరమ్మ సంచిలో ఒక కవరు పెట్టుకుని వచ్చింది. పిల్లను పనిలోంచి తీసేస్తున్నాం, చేతకానందుకు కాదు, శ్రద్ధ లేనందుకు, అని అందులో రాసి ఉంది. సమ్మె రోజుల అంకెలే దానికి సాక్ష్యం, శ్రద్ధ పెడితే చేయగలదని రుజువైంది కదా. ఆ అంకెలు నావే, ఆ సాక్ష్యం నాదే. పిల్లను ఆ పూట లోపలికి పోనివ్వలేదు. అది తన సంచి, తన డబ్బా ఒళ్ళో పెట్టుకుని నా గది బయట బెంచీ మీద కూర్చుంది. ఒంటిగంటకు నేను అన్నం తిన్నాను, తినకపోతే పడిపోతాను కనుక తిన్నాను. అది తినలేదు.

ఆ రోజు తిరుగు బండి రెండు గంటలు ఆలస్యమని స్టేషన్ నుంచి కబురు వచ్చింది. అలా డాక్టరమ్మ మొదటిసారి మధ్యాహ్నం పూట మా దగ్గర ఉండిపోయింది. నా బల్లకు అవతల కూర్చుని చాయ తాగుతోంది, కవరు మా ఇద్దరి మధ్య బల్ల మీద ఉంది, సంతకం చేయించుకోవడానికి నేనే పిల్లను పిలవాలి, నేను పిలవకుండా పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాను. వరండాలో నలుగురూ తింటున్నారు.

రెండయింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, బీరువా మీది ఫైళ్ళు కదిలాయి, నేల కింద నుంచి ఒక బరువైన కుదుపు వచ్చి కాళ్ళలోకి ఎక్కి పోయింది. డాక్టరమ్మ చేతిలోని చాయ చీర మీద ఒలికింది. ఒక్క ఉదుటున లేచి గుమ్మం పట్టుకుని, "భూకంపమండీ! అమ్మాయిలూ, బయటికి రండి, బయటికి!" అని కేక పెట్టింది.

వరండాలో అమ్మాయిలు ముద్ద నోట్లో పెట్టుకునే నవ్వారు. "ఏం లేదు మేడం, కూసోండ్రి. బ్లాస్టింగే."

"ఏం లేదా? గోడలు ఊగాయే!"

"మన ఓపెన్ కాస్టుల బొగ్గు మీది బండ పేలుస్తరు మేడం," అన్నాడు కాక గేటు దగ్గరి నుంచి నింపాదిగా. "ఆదివారం తప్ప దినాం ఉండేదే. ఎండాకాలం సంది క్వారీ గిటు జరిగింది, జరంత ఎక్కువ కొడ్తున్నది, గంతే."

"రోజూనా? ఎన్ని గంటలకు?"

ఆ ప్రశ్న నా వైపు చూసి అడిగింది. గంటలూ తేదీలూ నన్నే కదా అడగాలి. "రెండుకు," అన్నాను.

"రెండుకు లోపల ఎవరుంటారు?"

బెంచీ మీద నుంచి పిల్లే చెప్పింది. "నేనే మేడం. వీళ్ళు తినొచ్చేదాకా నేనొక్కదాన్నే ఉంట."

నాకు రిజిస్టరు తెరవకుండానే పుటలు కనిపించాయి. పద్నాలుగు, పదమూడు, పదిహేను. ఎన్నడూ పదిహేను దాటలేదు. దాటకపోవడం చూశాను, వింతగా ఉందనుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు. నిర్లక్ష్యంగా పనిచేసేవాడి తప్పుకు అంత కొలత ఉంటుందా? పదిహేను అంటే ఒక ట్రే. రెండు గంటల వేళ దాని చేతిలో ఉన్న ట్రే. అద్దాలు కదిలిన కుదుపుకు గాలి పెట్టె వెనక వడపోత అంచులో ఏళ్ళ తరబడి చేరిన సన్నటి ధూళి కదిలి, మూతలు తీసి ఉన్న ఆ పదిహేను సీసాల మీద పడుతోంది. సమ్మెలో బాయిలు బందు, పేలుళ్ళు బందు, బూజు బందు. మూడే పోయిన రోజులు ఏ కారణంగానో పేలుడు జరగని రోజులు. మిగతా నలుగురూ ఆ వేళకు వరండాలో తింటూ ఉంటారు. మా పిల్ల ఒక్కతే లోపల ఉండేది, ఎందుకంటే ఒంటిగంటకు తినే ముసలి పెద్దమ్మకు తోడుగా తిని వెళ్ళేది.

డాక్టరమ్మ బల్ల మీది కవరును తన వైపుకు లాక్కుంది, కోపమో సిగ్గో. "మిమ్మల్ని అందరినీ నిలబెట్టి అడిగాను కదండీ, ఏమైనా జరుగుతోందా అని. ఒక్కరైనా చెప్పలేదేం?"

వరండాలో ఒక అమ్మాయి నిజంగా ఆశ్చర్యపోయి అంది, "ఏమన్న జరిగితే చెప్తుంటిమి గద మేడం!"

ఆ అమ్మాయి ఎగతాళి చేయలేదు. మేమెవరమూ దాచలేదు. పుట్టినప్పటి నుంచి ఏదో ఒక వేళ కాళ్ళ కింద నేల కదులుతూనే ఉంది, గిన్నె కదిలితే చెయ్యి అడ్డం పెట్టి మాట కొనసాగించేవాళ్ళం, తొట్లెలో పసిపిల్ల నిద్ర కూడా చెదిరేది కాదు. బయటి ఊరి నుంచి వచ్చిన కోడళ్ళు మొదటి వారం ఉలిక్కిపడితే నవ్వేవాళ్ళం, రెండో నెలకు వాళ్ళూ ఉలిక్కిపడటం మానేసేవాళ్ళు, అప్పుడు మనిషి మన ఊరిదయింది అనుకునేవాళ్ళం. మాకు అది జరగడం కాదు. అందుకే అడిగినప్పుడు ఏం లేదన్నాం, ఆ మాట అబద్ధమని మాకే తెలియదు.

డాక్టరమ్మ ఆ బండికి పోలేదు. గెస్ట్ హౌసులో మూడు రోజులు ఉండి, రోజూ సరిగ్గా రెండు గంటలకు మొక్క లేకుండా ఆహారం మాత్రమే పోసిన గిన్నెలను గాలి పెట్టె ముందు మూత తీసి పెట్టించింది, మరికొన్నింటిని పొద్దున పదింటికి పెట్టించింది. వారం తిరిగేసరికి పదింటివి శుభ్రంగా ఉన్నాయి, రెండింటివి చుక్కలు చుక్కలుగా బూజెక్కాయి. వడపోతల రబ్బరు అంచులు మార్చారు, ఒంటిగంటన్నర నుంచి రెండున్నర దాకా ఎవరూ సీసా మూత తీయకూడదని గోడకు కాగితం అంటించారు. కవరును డాక్టరమ్మ పిల్ల ఎదుటే చించేసి, అందరి ముందూ క్షమించమని అడిగింది. అంత చదువుకున్న మనిషి ఇరవై మూడేళ్ళ పిల్లను అలా అడగడం నేను అంతకు ముందు చూడలేదు.

నేను క్షమించమని అడగలేదు. నాకు తెలిసిన పని చేశాను. మే నెల నుంచి నవంబరు దాకా మా పిల్ల పేరు ఎదుట పదిహేనుకు దగ్గరగా అంకె ఉన్న ప్రతి వరుసను వెదికి, దాని పక్కన ఎర్ర సిరాతో, ఈ నష్టం పేలుడు వల్ల, పనిచేసినవారి తప్పు కాదు అని రాసి నా సంతకం పెట్టాను. నూట ఇరవై ఎనిమిది వరుసలు, నాలుగు రోజులు పట్టింది. నా రిజిస్టర్లలో ఎర్ర సిరా అంతవరకూ లేదు.

నాలుగో రోజు పిల్ల వెనక నిలబడి చూసింది. "ఎందుకు పెద్దమ్మా ఇదంత? ఎవరు సూస్తరు?"

"నేను సూస్త," అన్నాను.

అది వంగి ఇంకో రెండు వరుసలు చదివింది. తర్వాత చాలా మెల్లగా, నాకు నొప్పి తగలకూడదని చూసుకుంటూ అంది. "నువ్వు రాసింది అప్పుడు గూడ తప్పు కాదు పెద్దమ్మా. పద్నాలుగు పోతే పద్నాలుగే రాస్తవు గద. నేనడిగిన్నాడు ఒక్కసారి, నీ చెయ్యి మంచిదే బిడ్డా అంటే సరిపోతుండె."

ఫిబ్రవరిలో డాక్టరమ్మే ఉత్తరం రాసి దాన్ని హైదరాబాదు పార్కులోకి పిలిపించుకుంది. మా పార్కు ఇంకో రెండేళ్ళు నడిచింది. జీవ ఎరువుల కంపెనీ ముందు తాళం వేసింది, తర్వాత మాది. రాష్ట్రం వచ్చే నాటికి గేటు మీది నీలం బోర్డు లేదు, ఆ తర్వాత ఆ షెడ్లూ లేవు, మేకల జాగా కూడా లేదు, క్వారీ అటువైపు నడిచి వెళ్ళింది. సెంటినరీ కాలనీ పోయే బస్సులో ఎడమ కిటికీ దగ్గర కూర్చుంటే ఇప్పుడు అక్కడ పెద్ద గొయ్యి, అవతల మట్టి గుట్ట. ఆ గుట్ట మీద వెదురు పొదలున్నాయి, మా సీసాల్లో పుట్టినవో కావో నేను చెప్పలేను, రాసిపెట్టిన ఆధారం లేదు.

చాలా మారింది. మా వాడలో సగం క్వార్టర్లకు తాళాలు, భూమిలోకి దిగే బాయిలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి, షిఫ్టు కూతకు వంట మొదలుపెట్టే ఆడవాళ్ళు లేరు. పిల్లలు చదువుకుని ఆ పెద్ద పార్కుల వైపే పోతున్నారు. అక్కడ రిజిస్టర్లు లేవట, ఏ నిమిషానికి గది ఎంత చల్లగా ఉంది, నేల ఎంత కదిలింది అని యంత్రమే రాసుకుంటుందట, రాయమన్నది మాత్రమే రాసే నాలాంటి వాళ్ళతో పనిలేదు. మంచిదే. మధ్యాహ్నం రెండు గంటలకు నేల కదిలితే ఇప్పుడు నేను తల ఎత్తుతాను, వాడలో మిగిలిన నా ఈడు వాళ్ళు ఎత్తరు, ఏమైందే అక్కా అని నన్నే వింతగా చూస్తారు.

మా పిల్ల ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. చక్కెర ఎంతుంది, మందు వేసుకున్నవా, ఒంటిగంటకే తింటున్నవా అని అడుగుతుంది. అన్నీ అంకెలతో సహా చెబుతాను. అది కోరిన ఆ ఒక్క మాట మాత్రం ఇప్పటిదాకా అననే లేదు. ఇప్పుడంటే నవ్వేస్తుంది. దాని కింద నలభై మంది పనిచేస్తున్నారు, దాని చెయ్యి మంచిదని చెప్పడానికి ఇప్పుడు నలభై మంది ఉన్నారు. అప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను.